డయల్ 1 మీద 600కు బదులు 1400 తిరుగుతున్న సాండర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ 180 మి.మీ. వేరియబుల్ స్పీడ్ సాండర్‌లో వేగం, ప్యాడ్, స్విచ్ లోపాలు

ఆర్యా,

మీ సాండర్ పెట్టె మీద సర్ఫ్‌బోర్డు బొమ్మ ఉంది, పక్కనే "600–3000 ఆర్‌పీఎం" (నిమిషానికి తిరిగే చుట్లు) అని ఉంది. ఇంట్లో బోర్డులు చేసుకునే మేము ఆ రెండూ చూసే కొన్నాం. తక్కువ ధర యంత్రం కాబట్టి మోత ఎక్కువున్నా, చేతికి బరువనిపించినా సర్దుకుంటాం. నెమ్మదిగా, నిలకడగా తిరగకపోతే మాత్రం బోర్డు పనికి అది అక్కరకు రాదు.

డయల్ 1 మీద పెట్టి, ప్యాడ్‌ను దేనికీ ఆనించకుండా చుట్లు లెక్కించే టాకోమీటర్‌తో కొలిస్తే 1400 చూపించింది. 600 దగ్గర ఈ డిస్కు అంచు సెకనుకు సుమారు 5.65 మీటర్ల వేగంతో కదలాలి. 1400 దగ్గర అది 13 మీటర్లు దాటుతోంది. చెక్క మీదైతే ఎలాగో నెట్టుకురావచ్చు. హాట్ కోట్ మీద, అంటే బోర్డుకు చుట్టిన ఫైబర్‌గ్లాస్ గుడ్డపై పోసే రెసిన్ (గట్టిపడే జిగురు) పూత మీద, కుదరదు.

అంతకంటే పెద్ద చిక్కు, వేగం నిలవకపోవడం. బోర్డుకు ఆనించి నొక్కితే పడిపోతుంది, ఒత్తిడి తగ్గగానే ఎగబాకుతుంది. డయల్ మోటారుకు అందే కరెంటును తగ్గించడమే గానీ, తిరిగే వేగాన్ని కనిపెట్టి సరిచేసే ఏర్పాటు లోపల లేనట్టుంది. బోర్డు నడిమి భాగం చదును కాబట్టి ప్యాడ్ చాలామేర ఆని, భారానికి వేగం తగ్గుతుంది. అక్కడి నుంచి రైల్ (బోర్డు పక్క అంచు) వైపు జరిపితే వంపు మీద ప్యాడ్‌లో సన్నని పట్టీ మాత్రమే తగులుతుంది, భారం పోయి వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. రెసిన్ గట్టిపడేలోపు వంపు మీంచి కిందికి జారుతుంది గనుక రైల్ దగ్గర పూత ముందే పలచగా ఉంటుంది. సరిగ్గా ఆ పలచని చోటే మీ యంత్రం జోరందుకుంటోంది. 100 గ్రిట్ (గరుకు కొలత) గరుకు కాగితంతో క్షణాల్లో పూత అరిగి, ఫైబర్‌గ్లాస్ గుడ్డ నేత బయటపడుతుంది. నేత తెగిందంటే అక్కడ బలం పోయినట్టే, మళ్లీ గుడ్డ అతికి రెసిన్ పొయ్యాల్సిందే.

వేడి సంగతీ ఇదే. వేగం ఎక్కువైతే రాపిడికి ఎపాక్సీ రెసిన్ మెత్తబడి కాగితం పూడుకుపోతుంది. పూడుకున్న కాగితం కొయ్యదు, ఇంకా వేడెక్కిస్తుంది. బోర్డు లోపల ఈపీఎస్ ఫోమ్ (థర్మోకోల్) ఉంటే మరీ ముప్పు, అది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడిపోతుంది.

పెట్టెలో ఇచ్చిన గట్టి ప్లాస్టిక్ ప్యాడ్ ఫిన్ బాక్సులను (బోర్డు అడుగున రెక్కలు బిగించే గాళ్లను) 80 గ్రిట్‌తో చదును చేయడానికి సరిపోతుంది, అంతే. మిగతా బోర్డంతటికీ వంపుకు ఒదిగే మెత్తని ఫోమ్ ప్యాడ్ కావాలి. విడిగా కొందామంటే స్పిండిల్ (ప్యాడ్ బిగించే ఇరుసు) మర ఏ కొలతో పెట్టె మీద లేదు, మాన్యువల్‌లోనూ లేదు. విప్పి చూస్తే ఎం14, అంటే 14 మి.మీ. మర. 5/8 అంగుళం మర ఉన్న ప్యాడ్ తెచ్చుకున్నవాళ్లకు అది వదులై అసలు పట్టలేదు.

స్విచ్ విషయంలో ఆలస్యం చేయకండి. సన్నని దుమ్ము చేరి లాక్ బటన్ ఇరుక్కుపోతోంది. ట్రిగ్గర్ వదిలినా యంత్రం ఆగక, ప్లగ్గు పీకాల్సి వస్తోంది. దీనికి మీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన జవాబు, దుమ్ము వల్ల వచ్చే లోపానికి వారంటీ లేదని. సాండర్ చేసే పనే దుమ్ము లేపడం, ఆ షరతు పెట్టి వారంటీ అనడం న్యాయం కాదు. ఇక మాన్యువల్‌లో "చివరి నునుపు కోసం నీటితో తడిపి వాడండి" అన్న వాక్యం ప్రాణాంతకం. ఇది కరెంటుతో నడిచే యంత్రం. తడి కాగితంతో రుద్దడం చేత్తో, దిమ్మ పట్టుకుని చేసే పని. ఆ వాక్యాన్ని వెంటనే తీసేయండి.

మేము కోరేది: ఇరుక్కునే స్విచ్‌లను ఉచితంగా మార్చండి. భారం మీద కూడా 600 దగ్గర నిలిచే కంట్రోల్ బోర్డు వేసివ్వండి, కుదరకపోతే డబ్బు వాపసు చేయండి. స్పిండిల్ మర కొలత పెట్టె మీద అచ్చు వేయండి, కార్బన్ బ్రష్‌లు విడిగా దొరికేలా చూడండి. ఇవి జరిగేదాకా పెట్టె మీది సర్ఫ్‌బోర్డు బొమ్మ తొలగించండి. కొలతల వీడియో, బిల్లుల నకళ్లు జతచేశాం. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
మీ సాండర్ కొన్న సర్ఫ్‌బోర్డు తయారీదారులు