ప్రశ్నలకూ కాలం చెల్లుతుంది

కాలేజీ ప్రవేశ పరీక్షల్లో పాతబడిన ప్రశ్నలతో పిల్లల తెలివిని కొలవడం అన్యాయం. అమెరికాలోని అలాంటి ప్రవేశ పరీక్ష శాట్‌లో ఒకప్పుడు పడవ పందేలను సూచించే ‘రెగట్టా’ అనే మాట, పదాల జంటల మధ్య సంబంధాన్ని పోల్చమనే ఒక ప్రశ్నకు జవాబు. ఆ పందేలు తెలిసిన ఇళ్ల పిల్లలకే అది తేలిక. అలాంటి పోలిక ప్రశ్నలను 2005లో గానీ తీసేయలేదు. లెక్కల సూత్రాలు మారవు, నిజమే. వాటి చుట్టూ అల్లిన సందర్భం మాత్రం మారిపోతుంది. పాత పేపర్లు చేయిస్తున్నప్పుడు నేను గమనించాను: ట్రంక్ కాల్ చార్జీలు, ఫిల్మ్ రోల్ ఖర్చుల లెక్కలొస్తే పిల్లలు లెక్క రాక కాదు, ఆ వస్తువేమిటో తెలియక ఆగిపోతున్నారు. ఆ టెన్షన్‌లో పోయిన నిమిషాలు తిరిగి రావు. ప్రశ్నల నిధిని ఐదేళ్లకోసారి ఈ తరం విద్యార్థులతోనే చదివించి, అర్థంకాని సందర్భాలను తొలగించాలి. వేటిని, ఎందుకు తీసేశారో కూడా పరీక్షల సంస్థలు ప్రకటించాలి.