మా ముఖాలు తీసుకునే ముందు ఒక్క మాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫోన్ల వల్ల పిల్లలు పాడైపోతున్నారని పెద్దవాళ్ళు రాసే ఉత్తరాలు చాలానే చదివాను, ఇది అలాంటిది కాదు. నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తర్వాత నెల తిరక్కుండానే మా కాలేజీ మా అందరి విషయంలో చేసిన పని గురించి రాస్తున్నాను. ఆ రెండూ నాకు ఒకటే తప్పులా కనిపిస్తున్నాయి.

మా క్లాసులో ఒకమ్మాయి సెమినార్ ఇస్తూ మధ్యలో ఆగిపోయింది. మాట రాలేదు. చేతిలో కాగితం వణుకుతోంది, స్లైడ్ మీదున్న వాక్యాన్నే మళ్ళీ చదవబోయి అక్కడా ఆగింది. అంతా కలిపి 14 సెకన్లు. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, వెనక బెంచీలోంచి ఎవరో వీడియో తీశారు, మధ్యాహ్నానికల్లా అది క్లాస్ గ్రూపులో ఉంది, కింద వరసగా నవ్వు బొమ్మలు. నేనూ చూశాను, నవ్వాను, ఇంకో గ్రూపులోకి ఫార్వర్డ్ చేశాను. ఒక్క క్షణం ఆలోచించలేదు. రాత్రికి అదే వీడియో ఒక సీనియర్ అక్క దగ్గర్నుంచి నాకే తిరిగొచ్చింది, పైన రెండు బాణాల గుర్తుతో. వాట్సాప్‌లో ఆ గుర్తు పడిందంటే అప్పటికే అది కనీసం ఐదు చేతులు మారిందని అర్థం. అలాంటి మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020లో మార్చారు, మంచి పనే, కానీ ఒక్కొక్కరికే పంపుకుంటూ పోయే ఓపిక మాకు బోలెడు ఉంది.

వెంటనే వెళ్ళి నేను పంపిన దాన్ని అందరికీ కనబడకుండా డిలీట్ చేశాను. చాట్‌లోంచి పోయింది, అప్పటికే సేవ్ చేసుకున్నవాళ్ళ ఫోన్లలోంచి పోలేదు. ఆమె నాలుగు రోజులు కాలేజీకి రాలేదు. ఐదో రోజు లైబ్రరీలో నా ఎదురుగా కూర్చుని, "నువ్వు కూడా పంపావా?" అని అడిగింది. పంపానన్నాను. తిట్టలేదు, అరవలేదు. "తీసిందెవరో నాకు తెలీదు, నువ్వైతే రోజూ నా పక్కనే కూర్చుంటావు కదా" అంది, అంతే. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

సరిగ్గా ఆ గొడవ నడుస్తుండగానే మా కాలేజీలో ముఖం చూపిస్తే అటెండెన్స్ పడే పద్ధతి పెట్టారు. ఒక మధ్యాహ్నం అందర్నీ లైన్లో నిలబెట్టి ఎదురుగా ఒకటి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఫొటోలు తీసుకున్నారు. ఒక్కొక్కరికీ నిమిషం కూడా పట్టలేదు. ఈ ఫొటోలు ఎక్కడ ఉంటాయి సార్, మేం చదువు ముగించి వెళ్ళిపోయాక తీసేస్తారా అని ల్యాబ్ సార్‌ని అడిగితే, "అదంతా కంపెనీవాళ్ళు చూసుకుంటారమ్మా, మాకూ చెప్పలేదు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే ఆయనకు తెలియదు. నాకు భయం వేసిందీ అందుకే. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ముఖం పోతే ఏం మార్చుకుంటాం?

ఇది ఊరికే పడుతున్న టెన్షన్ కాదు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ క్యాంపస్‌లో 2014లో పరిశోధన కోసమని 8 కెమెరాలు పెట్టి, క్లాసులకి నడిచి వెళ్తున్న విద్యార్థుల్ని వీడియో తీశారు. రెండు వేల మందికి పైగా అందులో ఉన్నారు. ఆ వీడియోల్ని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టారు, విమర్శలు వచ్చాక 2019లో తీసేశారు. కానీ అప్పటికే ఎన్నో దేశాల్లో మనుషుల్ని కెమెరాలతో వెంబడించి గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ల మీద పనిచేసేవాళ్ళు దాన్ని వాడేసుకున్నారు. క్లాసుకి ఆలస్యమైందని గబగబా నడుస్తున్న ఒక విద్యార్థి నడక ఎక్కడో తెలియని దేశంలో ఒక యంత్రానికి పాఠమైపోయింది, ఆ విద్యార్థికి ఆ సంగతి ఈనాటికీ తెలియకపోవచ్చు. మా క్లాస్ గ్రూపులోంచి పోయిన వీడియోకీ దీనికీ తేడా ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

"మీ అందరి చేతా సంతకం పెట్టించుకున్నాం కదా" అంటారు. నిజమే, అడ్మిషన్ ఫారంలో ఎక్కడో ఒక లైను ఉండే ఉంటుంది. స్వీడన్‌లో షెలెఫ్టియో అనే చోట ఒక హైస్కూలు 22 మంది విద్యార్థుల మీద ఇదే ముఖం అటెండెన్స్‌ని మూడు వారాలు ప్రయోగం చేసింది. అనుమతి తీసుకునే చేశామని చెప్పింది. అక్కడి డేటా రక్షణ సంస్థ ఆ మాట ఒప్పుకోలేదు, మార్కులూ చదువూ అన్నీ స్కూలు చేతిలోనే ఉన్నప్పుడు అక్కడ విద్యార్థి ఇచ్చే అనుమతి స్వేచ్ఛగా ఇచ్చింది ఎలా అవుతుందని 2019లో 2 లక్షల క్రోనార్ల జరిమానా వేసింది. ఈ తీర్పు చదివినప్పుడు ఫొటోల కోసం మేం నిలబడ్డ లైను గుర్తొచ్చింది. హాల్ టికెట్ ఇచ్చే చేతికి వద్దని ఎవరు చెప్తారు?

ఏఐతో రాశారా లేదా అని మా అసైన్‌మెంట్లు చెక్ చేసే సాఫ్ట్‌వేర్ల గురించి విడిగా ఒక ఉత్తరమే రాయాలి, ఇప్పుడు ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ కంపెనీ తానే అలాంటి చెకింగ్ టూల్ ఒకటి 2023 జనవరిలో తెచ్చి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని అదే ఏడాది జూలైలో తీసేసింది. అలాంటి టూల్స్ చెప్పిన శాతం చూసి, పిల్లల్ని పిలిచి ఒక్క ప్రశ్నయినా అడగకుండా సున్నా వేయొద్దని లెక్చరర్లని బతిమాలుకుంటున్నాను.

మీకూ ఒక మాట చెప్పాలి సార్, కోపం తెచ్చుకోకండి. ఎక్కడైనా ఒక విద్యార్థి ప్రమాదంలో పోయినా, ప్రాణం తీసుకున్నా, కొన్ని పత్రికలు, చానళ్ళు వాళ్ళ సోషల్ మీడియా అకౌంట్‌లోంచి ఫొటో తీసుకుని వేసేస్తున్నాయి. ఏ ఫెస్ట్ రోజునో స్నేహితుల కోసం నవ్వుతూ దిగిన ఫొటో అది. అకౌంట్ అందరికీ కనిపిస్తోంది కదా అంటే, కనిపించినంత మాత్రాన తీసుకోమని ఇచ్చినట్టా? ఇంట్లోవాళ్ళని అడిగి వేయండి, వద్దంటే మానేయండి.

మేము 43 మందిమి కలిసి మా ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇచ్చాం. ఫొటోలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎన్నాళ్ళు ఉంచుతారు, ముఖం ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళకి పాత పద్ధతిలో రిజిస్టర్‌లో సంతకం పెట్టే వీలు ఉంటుందా అని అడిగాం. తీసుకున్నారు, ఇంకా జవాబు రాలేదు. క్లాస్ గ్రూపులో మాత్రం మా అంతట మేమే ఒక మాట అనుకున్నాం, ఎవరి వీడియో అయినా ముందు వాళ్ళకి చూపించాకే పెట్టాలని. గత వారం ఒకడు మర్చిపోయి పెట్టాడు, ముగ్గురు వెంటనే అడిగేసరికి తీసేశాడు.

ఈ ఉత్తరం మీకు పంపే ముందు ఆ అమ్మాయికి చదివి వినిపించాను. రెండు వాక్యాలు తీసేయమంది, తీసేశాను. వేసుకుంటే ఇలాగే వేయండి, మా ఇద్దరి పేర్లూ, కాలేజీ పేరూ వద్దు.

ఇట్లు,
ఒక డిగ్రీ విద్యార్థిని