క్రీమీ డ్రెస్సింగును ఫ్రీజర్‌లో పెట్టమని చెప్పే ముందు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలోని వంటల పేజీలో సలాడ్ డ్రెస్సింగుల గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కొలతలు, తయారీ విధానం ఎంతో చక్కగా ఇచ్చారు. అయితే వ్యాసం చివర, ఒకేసారి ఎక్కువ మొత్తంలో చేసుకుని మిగిలినదాన్ని ఫ్రీజర్‌లో పెట్టుకుంటే నెలల తరబడి వాడుకోవచ్చని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నూనె, వెనిగర్ కలిపి చేసే పలుచని డ్రెస్సింగుకు ఆ మాట చాలావరకు సరిపోతుంది గానీ, మయోనైజ్, పెరుగు, పుల్లటి మీగడ వేసి చేసే చిక్కని డ్రెస్సింగులకు సరిపోదు. ఆ వాక్యాన్ని నమ్మి సీసాల కొద్దీ చేసి దాచుకున్నవారికి సరుకు, శ్రమ రెండూ వృథా అవుతాయి. అంతకన్నా నన్ను కలవరపెట్టిన విషయం ఏమిటంటే, కరిగించిన తర్వాత కనిపించే మార్పుల్లో దేనికి భయపడాలో, దేనికి భయపడనక్కర్లేదో ఆ వ్యాసం చదివినవారికి తెలిసే అవకాశం లేదు.

మయోనైజ్‌లో సాధారణంగా మూడింట రెండు వంతులు, చాలాసార్లు అంతకు మించి, నూనే ఉంటుంది. మామూలుగా నీటితో కలవని ఆ నూనె కంటికి ఆననంత సన్నని బిందువులుగా విడిపోయి, వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో వచ్చిన కాస్త నీటిలో కిక్కిరిసి ఉంటుంది. గుడ్డు పచ్చసొనలోని లెసిథిన్ అనే కొవ్వు పదార్థం, మాంసకృత్తులు ఒక్కో బిందువు చుట్టూ పలుచని పొరగా ఏర్పడి, పక్క బిందువుతో కలిసిపోకుండా అడ్డుపడతాయి. ఫ్రీజర్‌లో పెట్టినప్పుడు నీరు మంచు పలుకులుగా మారుతూ ఉంటే, నూనె బిందువులకు చోటు తగ్గిపోయి అవి ఒకదానికొకటి ఒత్తుకుపోతాయి. ఆపై నూనె కూడా గడ్డకట్టడం మొదలైతే దాని స్ఫటికాల మొనలు ఆ పొరను చీల్చేస్తాయి. దీనికి తోడు పచ్చసొనకు మరో స్వభావం ఉంది: మైనస్ 6 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువకు చల్లబడితే అది జిగురు ముద్దగా బిగుసుకుంటుంది, కరిగించినా తిరిగి మునుపటిలా జారుగా మారదు. ఇళ్లలోని ఫ్రీజర్లు మైనస్ 18 డిగ్రీల దగ్గర పనిచేయాలి కాబట్టి ఈ హద్దు దాటకుండా ఉండే ప్రసక్తే లేదు.

ఇలా గడ్డకట్టిన సీసాను కరిగించి చూస్తే పైన పసుపుపచ్చని నూనె ఒక వేలి మందాన తేలి, దాని కింద తెల్లని పలుకులు పలుకులుగా ఉన్న ముద్ద, అడుగున పలుచని నీరు కనిపిస్తాయి. చెంచాతో కలిపితే కాసేపు కలిసినట్టే ఉండి, సలాడ్ మీద పోసేసరికి మళ్లీ విడిపోతుంది. పెరుగుతో చేసినదానిలో జరిగేది కొంచెం వేరు. పెరుగులోని పాల మాంసకృత్తులు వలలా అల్లుకుని నీటిని పట్టి ఉంచుతాయి. మంచు ఆ వలను నలిపేస్తుంది గనుక, కరిగినప్పుడు నీరు ఓడిపోయి మిగిలినది రవ్వరవ్వగా ఉంటుంది. వెన్న శాతం ఎక్కువగా ఉన్న చిక్కని పెరుగు, మీగడ కొంత మెరుగ్గా తట్టుకుంటాయి. వెన్న తీసిన పాలతో చేసిన పెరుగు అసలు తట్టుకోదు.

బజారులో దొరికే కొన్ని సాసులు గడ్డకట్టించి కరిగించినా చెక్కుచెదరవు కదా అని ఎవరైనా అడగవచ్చు. వాటిలో చిక్కదనం ఇచ్చే జాంథన్ గమ్ అనే జిగురు, ప్రత్యేకంగా మార్పు చేసిన పిండిపదార్థాలు కలుపుతారు. అవి నీటిని వదలకుండా పట్టుకుంటాయి. ఇంట్లో మామూలు మొక్కజొన్న పిండి ఉడికించి కలిపితే ఆ ఫలితం రాదు, ఎందుకంటే మామూలు పిండి గంజి కూడా ఫ్రీజర్‌లో నీరు ఓడుస్తుంది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తాను. విరిగిపోవడం వేరు, పాడవడం వేరు. శుభ్రంగా చేసి, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టి, ఫ్రిజ్‌లోనే కరిగించిన డ్రెస్సింగు నూనె తేలి విరిగిపోయినా తినడానికి పనికొస్తుంది. రుచి కాస్త తగ్గుతుంది, రూపం చెడుతుంది, అంతే. దీనికి భిన్నంగా, చూడటానికి నున్నగా, మెరుస్తూ, ఏ వాసనా లేకుండా ఉన్న డ్రెస్సింగు గంటల తరబడి బల్ల మీద ఉండిపోయి ఉంటే ప్రమాదకరం కావచ్చు. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగవు, కానీ అన్నీ చావవు. పచ్చి గుడ్డుతో వచ్చిన సాల్మొనెల్లా అనే రోగకారక సూక్ష్మజీవి ఫ్రీజర్‌లో నిద్రాణంగా ఉండి, కరిగాక మళ్లీ పెరగగలదు. కాబట్టి ఫ్రీజర్ ఏ పదార్థాన్నీ శుద్ధి చేయదు; పెట్టినప్పుడు ఎలా ఉందో అలా ఆపి ఉంచుతుంది.

ఈ తేడా తెలియకపోవడం వల్ల జనం విరిగినదాన్ని భయపడి పారబోస్తారు, పాడైనదాన్ని బాగుందనుకుని వడ్డిస్తారు. మొదటిది డబ్బు నష్టం మాత్రమే. రెండోది పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఆరోగ్య సమస్య. పచ్చి గుడ్డుతో ఇంట్లో చేసిన మయోనైజ్‌ను 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉండే ఫ్రిజ్‌లో ఉంచి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. పైన చెప్పినవారి కోసమైతే పాశ్చరైజ్ చేసిన, అంటే సూక్ష్మజీవులు చచ్చేలా మితంగా వేడిచేసిన, గుడ్డుతోనే చేయాలి. కొన్న మయోనైజ్ సీసా మూత తీశాక ఫ్రిజ్‌లో సుమారు రెండు నెలలు నిలుస్తుంది, దానిలోని వెనిగర్, పాశ్చరైజ్ చేసిన గుడ్డు అందుకు కారణం. అయితే దానిలోనే పెరుగు, పాలు, తరిగిన ఆకులు కలిపితే పులుపు పలచబడి, నీరు పెరిగి, ఆ ఆయుష్షు వారం రోజులకు పడిపోతుంది. సీసా మీద ముద్రించిన తేదీ చూసి మన కలయికకు కూడా అదే వర్తిస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఏ డ్రెస్సింగునైనా గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన వేడిలో ఒక గంటే. రుచి చూసిన చెంచాను మళ్లీ సీసాలో ముంచకూడదు. ఫ్రిజ్ తలుపు అరల్లో, తీసినప్పుడల్లా వేడి తగులుతుంది కాబట్టి, ఇంట్లో చేసిన సీసాను లోపలి అరలోనే ఉంచడం మంచిది.

అలాగని ఫ్రీజర్‌ను పూర్తిగా పక్కన పెట్టమని నేను అనడం లేదు. నా అభిప్రాయంలో ఫ్రీజర్‌లోకి వెళ్లాల్సింది పూర్తయిన డ్రెస్సింగు కాదు, దానికి కావలసిన మూలముద్ద. క్రీమీ డ్రెస్సింగులో ఎక్కువ సమయం పట్టే పని ఆకులు కడిగి ఆరబెట్టి తరగడం, వెల్లుల్లి ఒలిచి నూరడం, మసాలాలు సమపాళ్లలో కలపడం. మయోనైజ్ లేదా పెరుగు కలపడం రెండు నిమిషాల పని. కాబట్టి ఆకులు, వెల్లుల్లి, ఉప్పు, మిరియాలు, కొంచెం నూనె, నిమ్మరసం చేర్చి మెత్తగా రుబ్బి, ఐస్ ట్రే గళ్లలో నింపి, గట్టిపడ్డాక బిళ్లలను గాలి చొరబడని కవర్లోకి మార్చి, తేదీ రాసి పెట్టుకుంటే రెండు మూడు నెలలు నిశ్చింతగా వాడుకోవచ్చు. కావలసిన రోజున ఒకటి రెండు బిళ్లలు ఫ్రిజ్‌లో కరిగించి, అప్పటికప్పుడు తాజా పెరుగులోనో మయోనైజ్‌లోనో కలిపితే చాలు. ఆకుల రంగు కాస్త ముదురుతుంది గానీ పరిమళం నిలుస్తుంది. ఒక్క హెచ్చరిక మాత్రం తప్పనిసరి: నూనెలో వేసిన పచ్చి వెల్లుల్లిని గది ఉష్ణోగ్రతలో నిల్వ ఉంచకూడదు. గాలి అందని ఆ నూనెలో బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు కలిగించే సూక్ష్మజీవి పెరిగి, రుచికీ వాసనకూ దొరకని విషాన్ని తయారుచేయగలదు. రుబ్బిన వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లోనైతే నాలుగు రోజుల్లో వాడేయాలి.

జీడిపప్పు, నువ్వులు మెత్తగా రుబ్బి చేసే డ్రెస్సింగులు పూర్తి రూపంలోనే ఫ్రీజర్‌ను బాగా తట్టుకుంటాయి. కరిగాక ఒకసారి మిక్సీ తిప్పితే చాలావరకు మునుపటి నునుపు వస్తుంది. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కనుక సీసాను అంచు దాకా నింపితే పగిలే ప్రమాదం ఉంది. పైన రెండు వేళ్ల ఖాళీ వదలాలి. పలుచగా పరచిన కవర్లో పెడితే త్వరగా గడ్డకట్టి, మంచు పలుకులు చిన్నవిగా ఏర్పడి, నష్టం తగ్గుతుంది.

ఇప్పటికే మయోనైజ్ డ్రెస్సింగును ఫ్రీజర్‌లో పెట్టేసినవారు ఉంటే, దాన్ని పారబోయనక్కర్లేదు. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి నిదానంగా కరగనివ్వాలి. తర్వాత ఒక గిన్నెలో చెంచాడు తాజా మయోనైజ్ లేదా ఆవముద్ద తీసుకుని, విరిగినదాన్ని మొదట చుక్కచుక్కగా, తర్వాత సన్నని ధారగా పోస్తూ ఆపకుండా గిలక్కొట్టాలి. మొదట్లో తొందరపడి ఎక్కువ పోస్తే మళ్లీ విరుగుతుంది. అప్పటికీ కుదరకపోతే ఉడికించిన బంగాళాదుంపల ముద్దలో కలపవచ్చు, కాల్చే కూరగాయలకు పట్టించవచ్చు. అక్కడ నునుపుతో పని లేదు. ఇలా కరిగించి వాడాక మిగిలినదాన్ని మాత్రం మళ్లీ ఫ్రీజర్‌లోకి పంపవద్దు.

మీ పత్రికను చూసి వంట నేర్చుకునేవారు ఎందరో ఉన్నారు. అందుకే ఒక విన్నపం. ఇకపై ఏ డ్రెస్సింగు, చట్నీ, సాస్ తయారీని ప్రచురించినా, కొలతలతో పాటు నాలుగు విషయాలు విడిగా ఇవ్వండి: ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంటుంది, ఫ్రీజర్‌లో పెట్టవచ్చా, పెడితే ఏ దశలో పెట్టాలి, కరిగాక ఎలాంటి మార్పు వస్తే కంగారు పడనక్కర్లేదు. ఇటీవలి వ్యాసానికి సవరణగా కనీసం పచ్చి గుడ్డు, వెల్లుల్లి నూనెలకు సంబంధించిన జాగ్రత్తలనైనా వచ్చే ఆదివారం అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు