టీకా ఫలితం వెనుక మైక్రోఆర్‌ఎన్‌ఏ

సంపాదకులకు నమస్కారం.

మైక్రోఆర్‌ఎన్‌ఏలను కనుగొన్నందుకు 2024 వైద్య నోబెల్ అందుకున్న విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌ల పేర్లు చెప్పగానే 1993 నాటి పురుగు ప్రయోగాల దగ్గరే ఆగిపోతున్నాం. మైక్రోఆర్‌ఎన్‌ఏలు మన ఒంట్లో చేసే పని కూడా పాఠకులకు తెలియాలి. సుమారు 22 రసాయన అక్షరాల ఈ ఆర్‌ఎన్‌ఏ పోగులు, ప్రొటీన్ తయారీకి జన్యు సూచనలు మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ప్రొటీన్ తయారీని తగ్గిస్తాయి.

రోగనిరోధక స్పందనను నడిపే తెల్ల రక్తకణాలైన సహాయక టి కణాల్లో మైక్రోఆర్‌ఎన్‌ఏ-155 సంగతే చూడండి. ఇది సి-మాఫ్ అనే ప్రొటీన్‌ను అదుపులో ఉంచుతుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ-155 జన్యువు లేని ఎలుకలపై 2007లో పరిశోధనలు వెలువడ్డాయి. ఆ ఎలుకల్లో సి-మాఫ్ పెరిగింది, దాంతో సహాయక కణాలు అలర్జీలో కనిపించే టీహెచ్-2 రకం వైపు మొగ్గాయి. సాల్మొనెల్లా బాక్టీరియాకు టీకా వేసినా రక్షణ దక్కలేదు. ఇంత చిన్న పోగు లేకపోతే అంత నష్టం!

మీ సైన్స్ పేజీలో దీనిపై వరుస వ్యాసాలు వేయండి. ఇంటర్ పిల్లలకు ఎంతో మేలు.

– ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు, హనుమకొండ