రేసు ట్రాక్ మూడో మలుపు దగ్గర పనిచేసిన మీ అందరికీ

ఇది ఆదివారం రాత్రే రాయాల్సింది. కారు ట్రైలర్ మీదికి ఎక్కించి, బెల్టులు బిగించి, ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపిక లేదు. రెండు రోజులు ఆలస్యమైంది, క్షమించండి. శనివారం క్వాలిఫైయింగ్‌లో (రేసులో ఎవరు ఏ వరసలో మొదలవ్వాలో తేల్చే సెషన్) నా ఫార్ములా ఫోర్డ్ రేసు కారుని ట్రాక్ పక్క గ్రావెల్‌లోంచి (కంకరలోంచి) బయటికి తీసిన మార్షల్స్‌కి, అంటే ట్రాక్ మీద భద్రత చూసేవాళ్లకి, ఆగిన కార్లను తీసే రికవరీ క్రూకి నేను రుణపడి ఉన్నాను. ఆ రోజు హడావిడిలో "థాంక్స్ అన్నా" అని ఒక్క ముక్క అనేసి, టీమ్‌లు కార్లు పెట్టుకునే పాడాక్ వైపు పరుగెత్తాను. మీరు చేసిన పనికి ఆ ఒక్క ముక్క ఏ మూలకీ చాలదు.

ఆరో ల్యాప్‌లో జరిగింది. మూడో మలుపుకి బ్రేక్ వేస్తూ గేరు మూడు నుంచి రెండుకి దింపబోతే లివర్ చేతిలో వదులుగా ఊగింది. లివర్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజ్ జాయింట్‌లో బోల్టు తెగిపోయింది. కారు మూడో గేరులోనే ఉండిపోయింది, నేను గేరు కోసం వెతుక్కుంటూ బ్రేక్ మీద ధ్యాస తప్పాను. వెనక భాగం జారి, కారు గిర్రున తిరిగి, తోక ముందుగా గ్రావెల్‌లోకి వెళ్లిపోయింది. ఆగాక క్లచ్ తొక్కితే పెడల్ నేలకి అంటుకుపోయింది. రాయి తగిలి క్లచ్ పైపు పగిలిందని తర్వాత తెలిసింది. అంటే కారు గేరులో ఉంది, దాన్ని న్యూట్రల్‌కి తేవడానికి లివర్ లేదు, తొక్కడానికి క్లచ్ లేదు. కింది భాగం మొత్తం రాళ్ల మీద ఆనుకుని కూర్చుంది.

మామూలు కారైతే హుక్కుకి తాడు కట్టి లాగేస్తారు. చక్రాలు బయటికి ఉండే ఇలాంటి ఓపెన్ వీల్ కారుతో అలా కుదరదు. నేలకి కొద్ది అంగుళాల ఎత్తులో ఉండే కారు అది. గ్రావెల్‌లో కూరుకున్నాక ముందు నుంచి లాగితే ముక్కు రాళ్లను దున్నుకుంటూ వస్తుంది, నోస్ కోన్ విరుగుతుంది, రేడియేటర్ నిండా రాళ్లు పోతాయి. చక్రాలను పట్టి ఉంచే విష్‌బోన్లు సన్నటి గొట్టాలు. తమ పొడవు వెంట వచ్చే బలాన్ని బాగానే మోస్తాయి గానీ, మధ్యలో కొక్కెం తగిలించి అడ్డంగా లాగితే వంగిపోతాయి. బయటికి కనిపించే గొట్టం అదే కాబట్టి తెలియని చెయ్యి ముందుగా దాని మీదికే పోతుంది.

ఇది నాకు అనుభవమే. కొన్నేళ్ల క్రితం వేరే చోట ఒక చిన్న స్పిన్‌కి గీత కూడా పడని నా కారును, వెనక విష్‌బోన్‌కి గొలుసు వేసి లాగారు. నేను ట్రాక్ పక్కనుండే రక్షణ అడ్డం వెనక నుంచి అరుస్తూనే ఉన్నాను, ట్రాక్టర్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. కారు బయటికి వచ్చేసరికి వెనక చక్రం పక్కకి తిరిగి ఉంది. నా రేసు వారం అక్కడితో అయిపోయింది. వాళ్ల తప్పని కూడా గట్టిగా అనలేను. ఇలాంటి కారును ఎక్కడ పట్టుకోవాలో వాళ్లకి ఎవరూ చూపించలేదు, నేనూ ముందుగా చెప్పలేదు. అందుకే శనివారం ట్రాక్టర్ గేటు దాటి లోపలికి వస్తుంటే నా గుండె జారిపోయింది.

కారు దిగేటప్పుడు స్టీరింగ్ తీసి చేత్తో పట్టుకుని నడవబోయాను. అందరికంటే ముందు చేరుకున్న మార్షల్, నాకంటే చిన్నవాడే, "సార్, స్టీరింగ్ పెట్టేసి రండి, అది లేకపోతే బండిని తిప్పలేం" అన్నాడు. గొంతులో కంగారు లేదు, విసుగు లేదు. వెనక్కి వెళ్లి బిగించి వచ్చాను. అతను నన్ను అడ్డం వెనక్కి పంపి, నేను బాగున్నానో లేదో కళ్లలోకి చూసి అడిగి, ఆ తర్వాతే కారు దగ్గరికి వెళ్లాడు. నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తున్న చోట, కారు కరెంటు మొత్తం ఆపేసే కిల్ స్విచ్ తిప్పాడు. ఆ స్టిక్కర్ సరిగ్గా అంటించి ఉన్నందుకు ఊపిరి పీల్చుకున్నాను.

క్రూలో పెద్దాయన ఒకరు ట్రాక్టర్‌ని దూరంగానే ఆపించారు. ముందు కారు చుట్టూ ఒకసారి నడిచి వచ్చారు. తర్వాత అడ్డం దగ్గరికి వచ్చి నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. "గేరులో ఉందా? రోల్ హూప్‌కి బెల్టు వేయొచ్చా? లోపల విరిగినవి ఏమైనా ఉన్నాయా?" రోల్ హూప్ అంటే కారు బోల్తా పడితే డ్రైవర్ తలని కాపాడే, తల వెనకుండే గొట్టపు చట్రం. ఎన్నో ఏళ్లుగా రేసులు చేస్తున్నాను, నా కారును ముట్టుకునే ముందు నన్ను అడిగినవాళ్లు మీరే మొదటివాళ్లు. లింకేజ్ తెగిందని, క్లచ్ పోయిందని చెప్పాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు.

తర్వాత చూసింది నేను మర్చిపోలేను. ఆయన గ్రావెల్‌లో పక్కకి ఒరిగి పడుకుని, ఎడమచేతి గ్లవ్ తీసేసి, చేతిని గేర్‌బాక్స్ వెనక్కి పోనిచ్చారు. ఆరు ల్యాప్‌లు తిరిగిన గేర్‌బాక్స్ అది, ఎంత వేడిగా ఉంటుందో నాకు తెలుసు. వేళ్లతో తడిమి, గేరు మార్చే సెలెక్టర్ రాడ్‌ని పట్టుకున్నారు. ఊరికే లాగితే రాదు. లోపల గేరు పళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి, ఆ ఒత్తిడి వదలాలి. మిగతా ఇద్దరికీ వెనక చక్రాన్ని పట్టుకుని ఇటు కొంచెం, అటు కొంచెం ఊపమని చెప్పారు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి "టక్" మని శబ్దం అడ్డం వెనక ఉన్న నాకు కూడా వినపడింది. చక్రం తేలిగ్గా తిరిగింది. కారు న్యూట్రల్‌లోకి వచ్చింది.

అప్పుడు గానీ ట్రాక్టర్‌ని దగ్గరికి రానివ్వలేదు. మెత్తటి స్లింగ్‌ని, అంటే ఎత్తే బెల్టుని, రోల్ హూప్ చుట్టూ వేసి, అది తల ఆనించే ఫోమ్‌ని నలపకుండా సర్ది, నెమ్మదిగా పైకి లేపారు. ఇంజిన్, గేర్‌బాక్స్ బరువుకి తోక కొద్దిగా కిందికి వాలింది. ఒకరు ముక్కు దగ్గర, ఒకరు వెనక చక్రం దగ్గర చేత్తో ఆపుతూ నడిచారు. కారు ఊయలలా ఊగితే ముందుగా పోయేది సస్పెన్షనే, ఒక్కసారి కూడా ఊగలేదు. ఫ్లాట్‌బెడ్ లారీ మీద దించాక కూడా టైర్ల మీదుగానే బెల్టులు వేశారు, విష్‌బోన్ల జోలికి పోలేదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు సెషన్‌ని ఆపేసే రెడ్ ఫ్లాగ్ పడింది. అంతకుముందు ఆ మలుపు దగ్గర రెండు పసుపు జెండాలు ఊపుతున్నారు. అవి కనిపించగానే గట్టిగా వేగం తగ్గించిన తోటి డ్రైవర్లకి కూడా దండం పెడుతున్నాను. మీలో కొందరి మంచి ల్యాప్ నా వల్ల పోయింది, నాకు తెలుసు. రెండు పసుపు జెండాలంటే అక్కడ మనుషులు నిలబడి పని చేస్తున్నారని, అవసరమైతే ఆగిపోవడానికి సిద్ధంగా ఉండాలని అర్థం. 2014 అక్టోబర్ 5న జపాన్‌లోని సుజుకాలో వానలో ఫార్ములా వన్ డ్రైవర్ జూల్స్ బియాంకీ కారు, అంతకుముందు ల్యాప్‌లో జారిపోయిన మరో కారును తీస్తున్న ట్రాక్టర్‌ని గుద్దుకుంది. తొమ్మిది నెలల తర్వాత, 2015 జూలై 17న అతను కన్నుమూశాడు. సుజుకా ప్రమాదానికి ముందు ఏడాది, 2013లో మాంట్రియల్‌లో, రేసు ముగిశాక, ఆగిపోయి ఉన్న కారును తీసుకువస్తున్న రికవరీ వాహనం కింద పడి ఒక మార్షల్ చనిపోయాడు. ఫార్ములా వన్‌లో 2015 నుంచి వర్చువల్ సేఫ్టీ కార్ అనే నియమం వచ్చింది, అందరూ ఒకేసారి వేగం తగ్గించాల్సిందే. మనలాంటి అమెచ్యూర్ రేసుల్లో చాలావరకు ఉన్నది జెండా, దాన్ని చూసిన డ్రైవర్ కాలు, అంతే. ఆ పెద్దాయన గ్రావెల్‌లో పడుకుని నా గేర్‌బాక్స్ తడుముతున్నప్పుడు ఆయన ప్రాణం మీ కాళ్ల కింద ఉంది. మీరు యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తేశారు. అందుకే మీకూ ఈ కృతజ్ఞతలు.

ఫ్లాట్‌బెడ్ నుంచి దించేటప్పుడు క్రూలో ఇంకొకరు చెప్పిన మాట నాకు ఒక రిమ్‌ని కాపాడింది. "తోసుకుపోయే ముందు కాలిపర్‌కి, రిమ్‌కి మధ్య రాళ్లు తీసేయండి" అన్నారు. కాలిపర్ అంటే చక్రం లోపల ఉండే బ్రేక్ భాగం. నాలుగు చక్రాల దగ్గరా కలిపి గుప్పెడు రాళ్లు వచ్చాయి. ఒకటి సరిగ్గా ఇరుక్కుని ఉంది, చక్రం ఒక్క చుట్టు తిరిగినా లోపల గాడి పడేది. ఆ రాత్రి పాడాక్‌లో పక్క టీమ్ వాళ్లు తమ విడి క్లచ్ పైపు ఇచ్చారు, ఇంకొకరు బోల్టు వెతికి పెట్టారు, మా మెకానిక్ తమ్ముడు పన్నెండు దాటేదాకా పని చేశాడు. ఆదివారం వెనక వరస నుంచి మొదలై రేసు పూర్తి చేశాను. ఎన్నో స్థానంలో వచ్చానన్నది ఈ పోస్టుకి అనవసరం. వంకర లేని నాలుగు చక్రాలతో, రేసు మొదలయ్యే గ్రిడ్ మీద నిలబడ్డాను, అది మీ చేతి చలవ.

నా వైపు నుంచి సరిచేసుకోవాల్సినవి ఆ మూడు ప్రశ్నలే చెప్పాయి. టో హుక్ నోస్ కింద నల్ల రంగులో కలిసిపోయి ఉండేది, ఇప్పుడు దానికి పసుపు రంగు వేసి పైన బాణం గుర్తు అంటించాను. రోల్ హూప్‌కి ఎప్పుడూ ఉండేలా ఒక స్లింగ్ లూప్ కట్టాను, ఇక ఎవరూ బెల్టు ఎక్కడ దూర్చాలా అని వెతుక్కోనక్కర్లేదు. గేర్‌బాక్స్ వెనక సెలెక్టర్ రాడ్ పక్కన, న్యూట్రల్ కోసం దీన్ని కదపాలని పెద్ద అక్షరాలతో రాసిన స్టిక్కర్ పెట్టాను. తోటి డ్రైవర్లు కూడా తమ కార్లకి ఇవి చేసుకుంటే బాగుంటుంది. వచ్చే రౌండ్‌కి శుక్రవారం సాయంత్రమే కారు తెస్తాను. క్రూ వాళ్లకి వీలుంటే ఒక పది నిమిషాలు రండి, దాన్ని ఎలా ఎత్తాలో మీరే ఒకసారి చేసి చూడండి. రాత్రి ఎంతసేపైనా ఉంటాను.

ఇంకొక్క మాట ఆ పెద్దాయనకి. నిన్న ఇంజిన్ కవర్ తీస్తుంటే ఫ్రేమ్ గొట్టానికీ ఇంధన ట్యాంకుకీ మధ్య మీ ఎడమచేతి గ్లవ్ దొరికింది. నూనె మరకలు కడిగి ఆరబెట్టాను. మీ పేరు అడగడం కూడా మర్చిపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. గ్లవ్ నా హెల్మెట్ బ్యాగులో ఉంది, వచ్చే రౌండ్‌కి తెస్తున్నాను. చెయ్యి కాలిందేమోనని అప్పటినుంచీ మనసులో పీకుతూనే ఉంది, ఎలా ఉందో చెప్పండి.