దెయ్యం సినిమాను కాదు, గేటు దగ్గర పిల్లల్ని ఆపండి

సంపాదకులకు,

అయ్యా,

దెయ్యాల సినిమాలను ప్రభుత్వం నిషేధించాలని కోరుతూ ఈమధ్య మీ పత్రికలో ఒక పాఠకురాలు రాసిన లేఖ చదివాను. సెకండ్ షోకు వెళ్లొచ్చినప్పటి నుంచి పిల్లాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడనీ, అంత్రం కట్టించినా తగ్గలేదనీ ఆమె వాపోయారు. ఆ తల్లి బాధ నిజమే. అడిగిన మందే తప్పు. నేను హారర్ సినిమాల పిచ్చివాణ్ణి. కర్నూలుకు అలాంటి సినిమా ఏది వచ్చినా, బాగుందా లేదా అని ఎవర్నీ అడక్కుండానే పోయి చూస్తాను. నిజానికి వీటిలో చాలావాటిని నేను ఆమెకన్నా గట్టిగా తిడతాను. కాకపోతే నా కారణాలు వేరు.

ముందు పిల్లల సంగతి. సెన్సార్ బోర్డు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చిన సినిమాను 18 ఏళ్లు నిండనివాళ్లకు చూపించకూడదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఈ మాట స్పష్టంగా చెబుతోంది. కాదని చూపిస్తే శిక్ష థియేటర్ వాళ్లకే. ‘యుఎ’ అయితే తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేశారు. 2023లో చట్టాన్ని సవరించి దాన్ని కూడా 7 దాటినవాళ్లకు, 13 దాటినవాళ్లకు, 16 దాటినవాళ్లకు అని మూడు రకాలు చేశారు. కాగితం మీద ఇంతకన్నా ఏం రాస్తారు?

ఇక గేటు దగ్గర జరిగేది చూడండి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ‘విరూపాక్ష’కు ఇచ్చింది ఎ సర్టిఫికెట్. నేను చూసిన ఆటకు ఒకాయన నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని వచ్చాడు. వెనకాలే వాళ్లావిడ, ఆమె చెయ్యి పట్టుకుని ఒక పిల్లాడు. టికెట్లు చింపే కుర్రాడు వాళ్లను చూసి, “చిన్నోళ్లకు టికెట్ ఎందుకన్నా, ఒళ్లో కూచోబెట్టుకోండి” అని లోపలికి పంపాడు, అదేదో మేలు చేస్తున్నట్టు. వాళ్లు నా ముందు వరసలోనే కూర్చున్నారు. సినిమాలో చావులు మొదలయ్యేసరికి పాప లేచి ఏడుపు అందుకుంది. పిల్లాడు వాళ్ల నాన్న చొక్కాలో మొహం దాచుకున్నాడు. “కళ్లు మూసుకో నాన్నా, అయిపోయినాక చెప్తాలే” అంటున్నాడాయన.

ఇక్కడే పెద్దవాళ్లు పొరబడతారు. దెయ్యం సినిమాలో సగానికి పైగా భయం చెవుల్లోంచి వస్తుంది. నమ్మకం లేకపోతే ఇంట్లో టీవీలో ఏదో ఒకటి పెట్టి మ్యూట్ చేసి చూడండి. మొహానికి తెల్లరంగు పూసుకుని జుట్టు విరబోసుకున్న మనిషి ఒకరు నిలబడి ఉంటారు, అంతే. కళ్లు మూసుకున్న పిల్లాడికి శబ్దం మాత్రం పూర్తిగా వినిపిస్తుంది, బొమ్మ వాడే గీసుకుంటాడు. ఆ బొమ్మ డైరెక్టర్ తీసినదానికన్నా ఘోరంగా ఉంటుంది. రాత్రి లేపేది కూడా అదే.

మన ప్రాంతం వాళ్లకు దీనికి మంచి రుజువు బనగానపల్లెలోనే ఉంది. 2009లో వచ్చిన ‘అరుంధతి’లో మనం చూసిన ఆ కోట అక్కడి నవాబు బంగ్లా. ఇప్పుడు దాన్ని అందరూ అరుంధతి బంగ్లా అనే పిలుస్తున్నారు, యాగంటికి వెళ్లేవాళ్లు ఆగి సెల్ఫీలు దిగుతున్నారు. పగటిపూట పోయి చూస్తే అదొక పాత బంగ్లా. ఎండకు తట్టుకోలేక నీడ వెతుక్కోవడం తప్ప భయపడటానికి అక్కడేమీ దొరకదు. మనల్ని భయపెట్టింది ఆ సినిమాలో విలన్ పశుపతి గొంతు. తెర మీద సోనూ సూద్, వెనక గొంతు రవిశంకర్‌ది. ఆ ఒక్క గొంతుతో ఆయనకు బొమ్మాళి రవిశంకర్ అనే పేరు స్థిరపడిపోయింది. గ్రాఫిక్స్ గురించి అప్పట్లో అంత మాట్లాడుకున్నారు గానీ, ఇప్పుడు మళ్లీ చూస్తే నిలబడింది ఆ గొంతూ, అనుష్క నటనే.

శబ్దానికి ఇంత బలం ఉంది కాబట్టే దాన్ని అడ్డదిడ్డంగా వాడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. తలుపు కిర్రుమంటుంది, హీరోయిన్ మెల్లగా వంగి చూస్తుంది, ఏమీ ఉండదు, వెనక్కి తిరగ్గానే ఢామ్మని ఒక మోత. దీనికి జంప్ స్కేర్ అని పేరొకటి. వెనకనుంచి వచ్చి చెవి పక్కన టపాకాయ పేల్చినా అంతే ఎగిరిపడతాం, దానికి డైరెక్టర్ ఎందుకు? రామ్‌గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’లో సినిమా హాలు సీను ఒకటి ఉంది. రేవతి చూసేసరికి హాలంతా ఖాళీ అయిపోయి ఉంటుంది. ఖాళీ కుర్చీలు, ఒంటరిగా ఆమె. అది చూసినవాడు ఇంటర్వెల్‌లో లేచి బయటికి పోవడానికి కూడా పక్కవాణ్ణి తోడు పిలుస్తాడు.

2013లో ‘ప్రేమకథా చిత్రం’ ఆడాక మనవాళ్లకు ఇంకో తేలిక దారి దొరికింది. ఊరి బయట బంగ్లా, నలుగురు ఫ్రెండ్స్, వాళ్లలో ఒక కమెడియన్, దెయ్యం చేత వాడికి చెంపదెబ్బలు, చివర్లో పాపం ఆ దెయ్యానికి జరిగిన అన్యాయం మీద ఫ్లాష్‌బ్యాక్. ఆ మొదటి సినిమాకు నేనూ పగలబడి నవ్వాను, కాదనను. తర్వాత అచ్చు అదే అచ్చులో వచ్చినవాటికి నవ్వూ రాలేదు, భయమూ రాలేదు. మన హీరోలు భయపడరు, అదీ చిక్కు. తెర మీద ఉన్నవాడు వణికితేనే కదా కుర్చీలో ఉన్నవాడు వణికేది. ‘మసూద’ (2022) నాకు అందుకే నచ్చింది. ఒంటరిగా బిడ్డను పెంచుకుంటున్న టీచరమ్మ, సాయానికి పక్కింటి కుర్రాడు. వాడేమో ఆమెకన్నా పిరికివాడు. ఇంట్లో పిల్ల వింతగా ప్రవర్తిస్తుంటే ఎవర్ని అడగాలో తెలియని ఆ తల్లి మొహంలో ఉన్న భయం ఏ మేకప్‌తోనూ రాదు.

నిషేధం కోరిన ఆమెకు ఒక మాట చెప్పాలి. కోప్పడాల్సింది దెయ్యం మీద కాదమ్మా, చేతబడి మీద. ‘విరూపాక్ష’ మొదట్లో, చేతబడి చేస్తున్నారని ఊరంతా కలిసి ఒక జంటను చెట్టుకు కట్టి తగలబెడతారు. ఆ తర్వాత వచ్చే చావులేవీ నన్ను అంత భయపెట్టలేదు, ఎందుకంటే ఆ పని నిజంగా చేసే మనుషులున్నారు. మంత్రాల అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు మీ పత్రికలోనే చదివాం. కానీ మన సినిమాలు అంతటితో ఆగవు. క్లైమాక్స్‌కు వచ్చేసరికి క్షుద్రపూజ నిజంగానే పనిచేస్తుందని తేలుస్తాయి. దెయ్యం ఉందని నమ్మినవాడు మహా అయితే రాత్రి లైటు వేసుకుని పడుకుంటాడు. చేతబడి ఉందని నమ్మినవాడు పొద్దున్నే పక్కింటి అవ్వను అనుమానంగా చూస్తాడు. ఇలాంటి దురాచారాల మీద మహారాష్ట్ర 2013లో, మన పక్కనున్న కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు తెచ్చుకున్నాయి. సినిమాల నిషేధం కోసం రాసే లేఖల్లో సగం అలాంటి చట్టం కోసం రాస్తే నేనూ సంతకం పెడతాను.

అయినా సినిమాను హాల్లో ఆపితే పిల్లలు చూడరా? అమ్మ ఫోను చేతికి దొరికితే అంతకన్నా భయంకరమైనవి దుప్పటి కింద చూస్తారు. దాన్ని ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. హాలు మాత్రం ప్రభుత్వం లైసెన్సు ఇచ్చి నడిపించేది. 2021 డిసెంబరులో టికెట్ రేట్ల గొడవ నడిచినప్పుడు తహసీల్దార్లు, ఆర్డీవోలు స్వయంగా థియేటర్లకు వచ్చి లైసెన్సులు, అగ్నిమాపక శాఖ ఇచ్చే ఎన్‌ఓసీలు తనిఖీ చేశారు, లోపాలున్న హాళ్లకు తాళాలు కూడా వేశారు. అంటే తలుచుకుంటే చేయగలరు. ఎ సర్టిఫికెట్ సినిమా విడుదలైన మొదటి శని, ఆదివారాల్లో ఒక్క రెవెన్యూ ఉద్యోగి గేటు దగ్గర నిలబడితే చాలు, ఆ కబురు జిల్లాలోని మిగతా హాళ్లకు సాయంత్రానికి చేరిపోతుంది.

థియేటర్ వాళ్లకూ ఒక విన్నపం. పిల్లలు ఏడుస్తున్నారని ఎవరో గొడవ చేస్తే మీ ఆపరేటర్ సౌండ్ తగ్గిస్తున్నాడు. డబ్బులు పెట్టుకుని భయపడటానికి వచ్చిన మాలాంటివాళ్లకు అప్పుడిక మిగిలేది ఏసీ చల్లదనం ఒక్కటే. కౌంటర్ పక్కన ‘ఇది ఎ సినిమా, పిల్లలకు ప్రవేశం లేదు’ అని పెద్ద తెలుగు అక్షరాలతో ఒక బోర్డు పెట్టండి. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని పిల్లలతో వచ్చినవాళ్లను వెనక్కి పంపి డబ్బులు తిరిగివ్వండి. అలా ఇవ్వడానికి చేతులు రాకపోతే, కౌంటర్‌లో కనీసం టికెట్ చేతికి ఇచ్చే ముందే ఒళ్లో పిల్లలున్నారా అని అడగండి.

ఇట్లు
ఒక పాఠకుడు,
కర్నూలు