బెయిల్ వచ్చినా జైల్లోనే ఉంచుతారా?

గౌరవనీయులైన రాష్ట్ర హోం మంత్రి గారికి,

నమస్కారం. ఇంతకుముందు పెట్టిన అర్జీలకు "సంబంధిత శాఖకు పంపాము" అనే మెసేజ్ తప్ప జవాబు లేదు. అందుకే నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను.

మా తమ్ముడు సెంట్రింగ్ పనికి పోతాడు. దొంగతనం కేసులో సబ్ జైల్లో ఉన్నాడు. తప్పు చేశాడో లేదో కోర్టు తేలుస్తుంది, దాని గురించి మిమ్మల్ని ఏమీ అడగను. కోర్టు వాడికి బెయిల్ ఇచ్చింది, వాడు వాయిదాలకి వస్తాడని ఆస్తి చూపించి పూచీ పడే ఇద్దరు ష్యూరిటీలు కావాలంది. అక్కడే ఆగిపోయాం. మాది అద్దె ఇల్లు. పొలం పాస్‌బుక్ ఉన్న మా పెదనాన్న కొడుకు, "వాడు వాయిదాకి రాకపోతే నా పొలం మీదికొస్తుంది చెల్లీ" అన్నాడు. ఆయన భయం ఆయనది. ఇంకొకాయన ఇంటి పన్ను రశీదు పెడతానంటే అంత ఆస్తి ఉందని చెప్పే సాల్వెన్సీ సర్టిఫికెట్ కావాలన్నారు. దానికి వీఆర్వో రిపోర్టు, ఆర్ఐ సంతకం. తహసీల్దార్ గారేమో మీటింగ్‌లో. ఈ తిరుగుడుకి నా కూలి పోతోంది. అదే కేసులో రెండో కుర్రాడికి ఎకరంన్నర ఉంది, వాడు ఇంట్లో ఉన్నాడు. ఇద్దరి మీదా ఒకటే సెక్షన్. మరి మా వాడు అనుభవిస్తున్న శిక్ష దేనికండీ, పొలం లేనందుకా?

1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి కింది కోర్టు పది వేల ష్యూరిటీ అడిగితే, సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. నెలలోగా ష్యూరిటీలు పెట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టే చూడొచ్చని 2023లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. బెయిల్ డబ్బు కట్టలేని వాళ్లకు కేంద్రం పెట్టిన పేద ఖైదీల పథకం కింద సాయం ఇవ్వొచ్చు. అడిగితే, దాన్ని మంజూరు చేయాల్సిన జిల్లా కమిటీ ఇంకా కూర్చోలేదంటున్నారు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే 4,34,302 మంది విచారణ ఖైదీలేనట. ఇలా బెయిల్ కాగితం వచ్చినా కదల్లేని వాళ్లు అందులో ఎందరో!

ములాఖత్‌కి వెళ్తే వాడు జాలీ పట్టుకుని, "బెయిల్ వచ్చిందన్నావు కదక్కా, ఇంకా పంపరేంటి?" అంటాడు. ఏం చెప్పను?

దయచేసి ఆ కమిటీని కూర్చోబెట్టండి. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో బయటికి రానివాళ్ల వివరాలు న్యాయ సేవాధికార సంస్థకు పంపాలన్న రూలు మా జైల్లో అమలవుతోందో లేదో కనుక్కోండి. మా తమ్ముడొక్కడి కోసమే కాదు, అందరికోసం అడుగుతున్నాను. దండం పెడతాను, ఈసారైనా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక విచారణ ఖైదీ అక్క